బిడ్డ బాగుంది... మరి తల్లి?

బ్రాంచిలో ఎవరింట్లోనైనా బిడ్డ పుడితే స్వీట్లు పంచుకుంటాం. బాబా, పాపా అని అడుగుతాం. బరువెంత, ఎవరి పోలిక, బారసాల ఎప్పుడు అని ఆరా తీస్తాం. తల్లి విషయానికి వస్తే "తల్లీబిడ్డా క్షేమమేనా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెడతాం. "క్షేమమే" అన్న జవాబు కూడా చాలాసార్లు తండ్రే చెబుతాడు. కుట్లు మానాయా, జ్వరం ఉందా, పాలు పడ్డాయా అన్నంతవరకే ఆ క్షేమం. ఆమె మనసు ఎలా ఉందో అందులోకి రాదు.

మావారి బదిలీ వల్ల మూడేళ్లుగా శ్రీవిజయపురంలో ఉంటున్నాం. 2024 సెప్టెంబరు దాకా ఈ ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్. అంతకుముందు నేను శ్రీకాకుళం జిల్లాలో కాంట్రాక్టు పద్ధతిలో ఏఎన్‌ఎంగా పనిచేశాను. ఇక్కడ టీకాల రోజున అంగన్‌వాడీకి వెళ్లి, హిందీ రాని తెలుగు తల్లులకు మాటసాయం చేస్తుంటాను. ప్రసవానంతర కుంగుబాటును ఆరోగ్య కార్యకర్తలు ఎలా గుర్తిస్తారో, ఎలా నయం చేస్తారో మన బ్యాంకు కుటుంబాలకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. బదిలీల మీద ఊళ్లు తిరిగే మన ఇళ్లలో ఈ జబ్బు కంటపడకుండా దాక్కునే అవకాశం ఎక్కువ.

ఏది మామూలు, ఏది జబ్బు?

కాన్పయిన మూడో రోజు నుంచో, నాలుగో రోజు నుంచో చాలామంది బాలింతలకు ఊరికే కన్నీళ్లు వస్తాయి. చిన్న మాటకే మనసు చివుక్కుమంటుంది. కాన్పుతో ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం, అలసట దీనికి కారణాలు. సగానికి పైగా తల్లుల్లో ఇది కనిపిస్తుంది. విశ్రాంతి, ఇంట్లోవాళ్ల ఆదరణ ఉంటే రెండు వారాల్లోపు దానంతటదే తగ్గిపోతుంది. ఇది జబ్బు కాదు.

ఆ దిగులు రెండు వారాలు దాటినా పోకపోయినా, లేదా కొన్ని నెలల తర్వాత కొత్తగా మొదలైనా అది కుంగుబాటు కావచ్చు. రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, "నేను మంచి తల్లిని కాను" అన్న అపరాధభావం, బిడ్డను ఎత్తుకున్నా ఏమీ అనిపించకపోవడం దీని లక్షణాలు. కొందరిలో ఏడుపు అసలే ఉండదు. చిరాకు, భయం, బిడ్డకు ఏదో అయిపోతుందన్న ఆందోళన మాత్రమే కనిపిస్తాయి.

మూడోది అరుదు, కానీ అత్యవసరం. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, మతి చెదురుతుంది. రాత్రంతా నిద్ర లేకుండా మాట్లాడటం, లేని గొంతులు వినిపించడం, బిడ్డ గురించి విపరీతమైన నమ్మకాలు పెట్టుకోవడం వంటివి కనిపిస్తాయి. గాలి సోకిందని, దిష్టి తగిలిందని తాయెత్తు కోసం తిరుగుతూ రోజులు పోగొట్టకూడదు. ఆ తల్లిని, బిడ్డను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కుంగుబాటు మాత్రం అరుదైనది కాదు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, అంటే 20,000 మందికి పైగా తల్లుల వివరాలను కలిపి చూసి, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఒక విశ్లేషణ ప్రచురించారు. దాని ప్రకారం ప్రతి వంద మంది తల్లుల్లో 22 మందికి ఈ కుంగుబాటు ఉంది. మనకు తెలిసిన అయిదుగురు బాలింతల్లో ఒకరన్నమాట.

"పాలు చాలడం లేదు" అన్న మాట వెనుక

మన ఆడవాళ్లు "నాకు డిప్రెషన్‌గా ఉంది" అంటూ ఆరోగ్య కేంద్రానికి రారు. తల బరువు, ఒళ్లు నొప్పులు, నీరసం, గుండెదడ అంటారు. అన్నిటికన్నా ఎక్కువగా "పాలు చాలడం లేదు, బిడ్డ ఎప్పుడూ ఏడుస్తోంది" అంటారు. అనుభవమున్న ఏఎన్‌ఎం ఆ మాట వినగానే బిడ్డను తూకం వేస్తుంది, కార్డులో బరువు గీత చూస్తుంది. బరువు తగ్గితే పాల సంగతి చూస్తుంది. గీత చక్కగా పైకి వెళ్తున్నా తల్లి అదే ఫిర్యాదుతో మూడోసారి వచ్చిందంటే, ఈసారి బిడ్డను కాదు, తల్లిని చూడాలని ఆమెకు అర్థమవుతుంది.

దీనికి శాస్త్రీయమైన ఆధారం ఉంది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం తల్లుల మీద చేసిన అధ్యయనం 2002లో అచ్చయింది. కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం మంది కుంగుబాటులో ఉన్నట్టు తేలింది. వాళ్లలో సగానికి పైగా ఆరు నెలలకు కూడా కోలుకోలేదు. కుంగుబాటులో ఉన్న తల్లులు మిగతావాళ్ల కంటే ఎక్కువసార్లే ఆరోగ్య కేంద్రాలకు వచ్చారు. అంటే ఆ తల్లులు ఎక్కడో దాక్కుని లేరు, రోజూ మన కళ్లముందే క్యూలో నిలబడి ఉన్నారు. డబ్బు ఇబ్బందులు, భర్తతో సఖ్యత లేకపోవడం ముఖ్య కారణాలుగా కనిపించాయి. పుట్టింది ఆడపిల్లా మగపిల్లాడా అన్నది కూడా తల్లి మనసు మీద ప్రభావం చూపింది. ఇంకో ముఖ్యమైన సంగతి, వీళ్లలో చాలామందికి గర్భంతో ఉన్నప్పుడే మనసు బాగా లేదు.

అందుకే ఆరోగ్య కార్యకర్తలు కొన్ని విషయాలు ముందే అడిగి తెలుసుకుంటారు. ఇంతకుముందు ఎప్పుడైనా కుంగుబాటు వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా, గతంలో బిడ్డను పోగొట్టుకుందా, ఈ బిడ్డ పుట్టగానే ఐసీయూలో ఉందా, ఇంట్లో తోడుగా ఎవరున్నారు, భర్త చేయి చేసుకుంటాడా అని. వీటిలో ఏ ఒక్కటున్నా ఆ తల్లిని ఇంకొంచెం జాగ్రత్తగా కనిపెట్టి ఉంటారు.

పది ప్రశ్నల కాగితం

కుంగుబాటును పట్టుకోవడానికి ప్రపంచమంతటా వాడే సాధనం ఎడిన్‌బరో స్కేలు. స్కాట్లాండ్‌లో జాన్ కాక్స్, జెనిఫర్ హోల్డెన్, రూత్ సాగోవ్‌స్కీ దీన్ని తయారుచేసి 1987లో ప్రచురించారు. గడిచిన ఏడు రోజుల్లో మనసు ఎలా ఉందో అడిగే పది ప్రశ్నలు ఇందులో ఉంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30. నిద్ర, ఆకలి, అలసట ఏ బాలింతకైనా తేడాగానే ఉంటాయి కాబట్టి ఒంటి బాధల జోలికి పెద్దగా పోకుండా మనసు గురించే అడుగుతారు. సాధారణంగా 10 దాటితే కాస్త గమనించాలని, 13 ఆపైన వస్తే డాక్టరు చూడాలని లెక్క. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. మొత్తం మార్కులు ఎంత తక్కువున్నా సరే, ఆ ప్రశ్నకు "లేదు" తప్ప ఇంకేం జవాబు వచ్చినా కార్యకర్త ఆమెను ఒంటరిగా ఇంటికి పంపదు.

ఈ మార్కులు జబ్బును నిర్ధారించవు, అనుమానం మాత్రమే చెబుతాయి. మన బ్యాంకు భాషలో అయితే ఇది సులువుగా అర్థమవుతుంది. వాయిదా కట్టని అప్పు 90 రోజులు దాటాక ఎన్‌పీఏ అవుతుంది. కానీ మీరెవరూ 90వ రోజు దాకా ఆగరు కదా! ఖాతా ఎస్‌ఎంఏలో పడగానే ఖాతాదారుకు ఫోన్ చేస్తారు, ఇబ్బంది ఏమిటో అడుగుతారు. ఎస్‌ఎంఏలో పడిన ప్రతి ఖాతా చెడిపోదు, అడిగితే సర్దుకునేవే ఎక్కువ. ఈ పది ప్రశ్నలు కూడా అలాంటి ముందస్తు పలకరింపే.

అయితే ఆ పలకరింపు ఎవరి ఎదుట, ఏ భాషలో అన్నది చాలా ముఖ్యం. అత్తగారు పక్కన కూర్చుని ఉంటే ఏ కోడలూ "నాకు సంతోషంగా లేదు" అనదు. భర్తే దుబాసీగా ఉంటే ఆమె చెప్పింది ఒకటి, నర్సు విన్నది ఇంకొకటి. అందుకని నేర్పరులైన సిస్టర్లు ఏదో పని చెప్పి మిగతావాళ్లను బయటికి పంపుతారు. "బరువు చూసేదాకా మీరు బిడ్డను ఎత్తుకోండమ్మా" అని అత్తగారికి బిడ్డను అందిస్తారు. ఆ రెండు నిమిషాల్లో అసలు మాట బయటికి వస్తుంది.

దీవుల్లో మన తెలుగు తల్లి

అండమాన్ నికోబార్‌లో చిన్నాపెద్దా కలిపి 836 దీవులు, దిబ్బలు ఉన్నాయి. మనుషులు ఉండేది 30కి పైగా దీవుల్లోనే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 3,80,581 మంది ఉన్నారు. వందలో 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడినవాళ్లు చాలామంది. వాళ్లకు ఇక్కడే అమ్మ ఉంటుంది, అత్త ఉంటుంది, పురిటికి నీళ్లు కాచే పెద్దమ్మ ఉంటుంది. బదిలీ మీద వచ్చిన మనవాళ్లకు వాళ్లెవరూ ఉండరు.

మన ఆనవాయితీ ప్రకారం అమ్మాయి కాన్పుకు పుట్టింటికి వెళ్తుంది. అక్కడ ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూస్తుంది. అమ్మ పథ్యం వండి పెడుతుంది, రాత్రిపూట బిడ్డను అందుకుంటుంది. మూడో నెలలోనో అయిదో నెలలోనో అమ్మాయి బిడ్డతో దీవికి వస్తుంది. విశాఖ నుంచి ఓడలో అయితే దాదాపు మూడు రోజుల ప్రయాణం. దిగేసరికి 42 రోజుల చూపు అయిపోయి ఉంటుంది, అమ్మ చేతి సాయం ఆగిపోయి ఉంటుంది. ఇక్కడి ఆశాకు ఈమె వచ్చినట్టే తెలియదు. కుంగుబాటు కాన్పయిన ఏడాది లోపు ఎప్పుడైనా రావచ్చు. సరిగ్గా సాయం ఆగిపోయిన చోటే ఆమె ఒంటరిదవుతుంది.

గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి ఒక అమ్మాయి సంగతి చెబుతాను. మన బ్యాంకు కాదు గానీ ఆమె భర్తది కూడా బదిలీల ఉద్యోగమే. పాపకు నాలుగో నెల వచ్చాక ఇక్కడికి వచ్చారు. క్వార్టర్స్ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవారు లేరు, ఆమెకు హిందీ రాదు. మూడు వారాల్లో నాలుగుసార్లు పాలు చాలడం లేదంటూ పాపను తీసుకొచ్చింది. పాప బొద్దుగా ఉంది. ఏఎన్‌ఎం సిస్టర్ మలయాళీ. ఆమె నాతో, "పాప సంగతి వదిలెయ్, రాత్రుళ్లు ఈమె నిద్రపోతోందా అని అడుగు" అంది. అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, పాప ఏడుస్తుంటే నాకేం అనిపించడం లేదు. నేను లేకపోతే వీళ్లందరూ సుఖంగా ఉంటారేమో" అంది.

సిస్టర్ కంగారు పడలేదు, మందలించలేదు. "నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగానే అడిగించింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగితే ఆ బరువు దిగుతుంది. ఆ అమ్మాయి ఏడ్చి, అప్పుడప్పుడు అనిపిస్తోందని చెప్పింది. సిస్టర్ ఆమెను కూర్చోబెట్టి భర్తకు కబురు చేసింది, ఆయన వచ్చేదాకా ఆమె పక్కనుంచి కదల్లేదు. అదే రోజు పెద్దాసుపత్రిలో డాక్టరుకు చూపించారు. రక్తపరీక్షలో థైరాయిడ్ తేడా కూడా బయటపడింది. మందులు, కౌన్సెలింగ్, ఊరి నుంచి ఆమె చెల్లెలు వచ్చి రెండు నెలలు ఉండటం, ఈ మూడూ కలిసి పనిచేశాయి. పాప మొదటి పుట్టినరోజుకు మమ్మల్నందరినీ పిలిచింది.

చికిత్స ఎలా ఉంటుంది?

ముందు డాక్టరు రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయిస్తారు. ఈ రెండింటిలోనూ కుంగుబాటును పోలిన నీరసం, దిగులు ఉంటాయి. కుంగుబాటు తేలికపాటిదైతే మందులు లేకుండా మాటలతోనే మొదలుపెడతారు.

మాటలతో జబ్బు తగ్గుతుందా అని అనుమానం రావచ్చు. ఎడిన్‌బరో స్కేలు తయారుచేసిన బృందమే 1989లో మరో అధ్యయనం ప్రచురించింది. ఇళ్లకు తిరిగే నర్సులు కొద్దిపాటి శిక్షణ తీసుకుని వారానికోసారి, ఎనిమిది వారాల పాటు, కనీసం అరగంట సేపు తల్లి చెప్పేది విన్నారు. అలా విన్న తల్లుల్లో 69 శాతం కోలుకున్నారు, మామూలు సేవలే అందినవారిలో 38 శాతం. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో అతీఫ్ రహమాన్ బృందం మన ఆశాల వంటి కార్యకర్తలకే శిక్షణ ఇచ్చింది. గర్భం చివరి నెల నుంచి బిడ్డకు పది నెలలు వచ్చేదాకా వాళ్లు ఇళ్లకు వెళ్లి తల్లులతో మాట్లాడారు. ఆరు నెలలకు చూస్తే వాళ్లు కలిసిన తల్లుల్లో 23 శాతం మందే కుంగుబాటులో మిగిలారు, మిగతా ఊళ్లలో 53 శాతం. 2008లో వచ్చిన ఈ ఫలితాలు చూశాక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని 2015లో చేతి పుస్తకంగా తెచ్చింది. తర్వాత గోవాలో మామూలు గృహిణులే శిక్షణ పొంది "సఖి" పేరుతో ఈ పని చేశారు.

మన దీవులకూ ఇలాంటి అనుభవం ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ బృందాలు ఇక్కడికి వచ్చి, బాధితులకు వైద్యం చేయడంతో పాటు స్థానిక కార్యకర్తలకు, టీచర్లకు మనసు గాయాన్ని గుర్తించి ఓదార్చడం నేర్పాయి. డాక్టర్లు కొద్దిమందే ఉన్నచోట పొరుగు మనిషే మొదటి వైద్యం అని ఆ రోజుల్లోనే తెలిసింది.

జబ్బు మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే మందులు కావాలి. "పాలిచ్చే తల్లి మాత్రలు మింగకూడదు" అని పెద్దవాళ్లు ఆపేస్తుంటారు. సెర్ట్రలిన్ వంటి కొన్ని మందులు పాలలోకి చాలా తక్కువగా వెళ్తాయి. వాటిని వాడుతూనే పాలివ్వడానికి డాక్టర్లు సాధారణంగా అనుమతిస్తారు. ఏ మందు, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. పని మొదలుకావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కాస్త తేలికపడగానే సొంతంగా ఆపితే జబ్బు తిరగబెడుతుంది, అందుకే కొన్ని నెలలు కొనసాగిస్తారు.

ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే బిడ్డను దూరం చేస్తారేమోనన్న భయం అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదు. బిడ్డకు ప్రమాదం ఉందని డాక్టరు భావిస్తేనే కొంతకాలం విడిగా ఉంచుతారు. నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు 2009 నుంచే ఉంది.

ఇంట్లో, బ్రాంచిలో మనం చేయగలిగినవి

దీవిలో దిగిన వారంలోపే బిడ్డ టీకా కార్డు పట్టుకుని దగ్గరి ఆరోగ్య కేంద్రంలో తల్లి పేరు, బిడ్డ పేరు రాయించండి. 3, 6, 9, 12, 15 నెలలకు ఆశా ఇంటికి వచ్చే ఏర్పాటు ఉంది. మీరున్నారని తెలిస్తేనే ఆమె రాగలదు.

భర్తలకు ఒక మాట. రాత్రి ఒక పూట బిడ్డను మీరు చూసుకుని, ఆమెను నాలుగైదు గంటలు వరసగా నిద్రపోనివ్వండి. ఏ మందుకైనా ఇది తోడు కావాలి. "నీకేం తక్కువైంది?", "మా అమ్మ అయిదుగురిని పెంచింది" అనకండి. "పొద్దుట్నుంచి ఎలా గడిచింది?" అని అడిగి, సలహా ఇవ్వకుండా వినండి. డాక్టరు దగ్గరికి కలిసి వెళ్లండి. తండ్రులకూ కుంగుబాటు వస్తుంది, మీకు అలా ఉంటే మీరూ చెప్పుకోండి.

మేనేజర్లు, తోటి ఉద్యోగులు మన బ్యాంకుల్లో తండ్రికి ఉన్న 15 రోజుల సెలవును వాడుకోనివ్వండి, క్లోజింగ్ పేరుతో వాయిదా వేయించకండి. ఆరు నెలల ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చిన ఉద్యోగినిని "రెస్టు బాగా తీసుకున్నావా?" అని పలకరించకండి. బిడ్డను ఇంట్లో వదిలి వచ్చిన ఆ మొదటి నెల ఆమెకు కష్టకాలం. క్వార్టర్స్‌లోని మహిళలు కొత్తగా వచ్చిన బాలింత ఇంటికి వారానికోసారి వెళ్లి, ఓ గంట బిడ్డను ఎత్తుకుంటే చాలు. వెళ్లినప్పుడు బిడ్డకు బొమ్మతో పాటు తల్లికి వేడివేడిగా ఏదైనా వండి తీసుకెళ్లండి.

సాయానికి ఫోన్ నంబరు ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. 2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబులు వచ్చాక ఈ దీవుల్లో ఫోన్, వీడియో మాటలు బాగా మెరుగుపడ్డాయి. కాబట్టి దూరం దీవిలో ఉన్నా గొంతు వినిపిస్తుంది. ప్రాణం మీదికి వచ్చే సూచన కనిపిస్తే మాత్రం ఫోన్‌తో ఆగకుండా దగ్గరి ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. పెద్ద వైద్యం కావాల్సినవారిని మిగతా దీవుల నుంచి శ్రీవిజయపురంలోని జి.బి. పంత్ ఆసుపత్రికి పంపుతారు.

ఈసారి మీ బ్రాంచిలో ఎవరైనా స్వీట్లు పంచితే బిడ్డ బరువు తప్పకుండా అడగండి. ఆ తర్వాత ఓ పది రోజులకు, మళ్లీ మూడో నెలలో, ఇంకోసారి ఆరో నెలలో ఆ తల్లికే ఫోన్ చేసి "నువ్వెలా ఉన్నావమ్మా?" అని అడిగి, జవాబు చెప్పేదాకా ఆగండి.